అమ్మిన సరుకు వాపసు తీసుకోబడును

తెలుగులో కర్మణి ప్రయోగం చచ్చిపోయిందని బాధపడే పండితులెవరైనా ఉంటే ఒకసారి మిర్యాలగూడ బజారులో తిరిగి రావాలి. బట్టల కొట్లో, చెప్పుల కొట్లో, సెల్‌ఫోన్ కొట్లో, ఎక్కడ చూసినా గల్లాపెట్టె వెనకాల గోడ మీద ఒకటే వాక్యం: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". "తీసుకోము" అని రాస్తే ఎవరు తీసుకోరో తెలిసిపోతుంది, వాళ్ళతో తగువు పెట్టుకోవచ్చు. "తీసుకోబడదు" అన్నారంటే అదేదో ప్రకృతి నియమం, సూర్యుడు పడమట ఉదయించడన్నట్టు :)

మాది త్రిపురారం. ఉప్పూ పప్పూ ఊళ్ళోనే దొరుకుతాయి గానీ, కాస్త ఖరీదైన వస్తువేది కొనాలన్నా మిర్యాలగూడ బస్సెక్కాల్సిందే. కొన్న చొక్కా ఇంటికొచ్చాక పొట్టిదని తేలితే అది తమ్ముడిదవుతుంది, అంతేగానీ వెనక్కి పోదు. మరీ తెలిసిన షావుకారైతే "ఇంకోటి మార్చుకో, పైసలు మాత్రం అడగకు" అంటాడు. ఇలాంటి చోట పెరిగినవాడికి, ఆన్‌లైన్‌లో వీడియో గేములమ్మే దుకాణాల వాపసు నియమాలు మొదటిసారి చదివితే ఎక్కడో తిరకాసు ఉందనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ తిరకాసు వెతుక్కుంటూ పోతే తేలిన సంగతులివి.

ఆటల గొడవ పట్టనివాళ్ళ కోసం ముందు కొంచెం ఉపోద్ఘాతం. వాల్వ్ అనే అమెరికా కంపెనీ 2003లో మొదలుపెట్టిన స్టీమ్ అనే దుకాణం పీసీ ఆటలకు పెద్ద బజారు. దాని వాపసు నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కొని 14 రోజులు దాటకూడదు, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. అంతే. కారణం ఏదైనా ఫరవాలేదు. "నా కంప్యూటర్‌లో నడవలేదు" అన్నా సరే, "నచ్చలేదు" అన్నా సరే. ఒప్పుకున్న వారంలోగా డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. ఆట ఇంకా విడుదల కాకముందే బుక్ చేసుకుని ఉంటే, విడుదలయ్యేలోపు ఎప్పుడైనా మానుకోవచ్చు.

అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటి ఉంది. మీరు పూర్తి ధరకు కొన్న మర్నాడే అదే ఆట తగ్గింపు ధరకు పెట్టారనుకోండి. పాతది వాపసిచ్చేసి వెంటనే తక్కువ ధరకు మళ్ళీ కొనుక్కోవచ్చు. దాన్ని దుర్వినియోగంగా లెక్కపెట్టమని వాళ్ళే రాసి పెట్టారు! మన దగ్గర "మొన్న కొన్న చీర నిన్నటి నుంచీ సగం ధరకే ఇస్తున్నారట, తేడా ఇవ్వండి" అని అడిగి చూడండి. మంచినీళ్ళు కూడా ఇవ్వరు.

ఎపిక్ వాళ్ళ దుకాణం కూడా 2019 నుంచీ ఇవే 14 రోజులు, 2 గంటలు పాటిస్తోంది. గాగ్ అనే దుకాణమైతే ఇంకో మెట్టు పైనే ఉంది. 2020 ఫిబ్రవరిలో వాళ్ళు గడువును 30 రోజులు చేశారు, అదీ ఎంతసేపు ఆడినా సరే. పైగా గాగ్ అమ్మే ఆటలకు తాళాలుండవు. ఇన్‌స్టాలర్ ఫైలు మీ డిస్కులోనే పడి ఉంటుంది. అంటే చీర మీ బీరువాలోనే ఉన్నా "ఇక కట్టుకోవులే" అని నమ్మి షావుకారు డబ్బు తిరిగిచ్చినట్టు. అందరూ ఇంత ధర్మాత్ములని కాదు. సోనీ దుకాణంలో డౌన్‌లోడ్ మొదలెడితే మామూలుగా వాపసు హక్కు పోయినట్టే. నింటెండో దగ్గర డిజిటల్ కొనుగోలంటే సాధారణంగా ఖరారే.

సరే, ఈ ఉదారత ఎక్కడినుంచి వచ్చింది?

కథ చూస్తే ధర్మగుణం పాలు తక్కువే. 2013 ఆగస్టులో ఈఏ కంపెనీ తన సొంత ఆటలకు, మొదటిసారి తెరిచిన 24 గంటల్లోపు వాపసు తీసుకుంటామంది. ఆ ఏడాది డిసెంబరులో గాగ్, ఆట పనిచేయకపోతే 30 రోజుల్లో డబ్బు వెనక్కిస్తామంది. స్టీమ్ మాత్రం మన మిర్యాలగూడ బోర్డునే పట్టుకుని కూర్చుంది. 2014 ఆగస్టులో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఏసీసీసీ వాల్వ్ మీద దావా వేసింది. లోపమున్న సరుకుకు వాపసు పొందే హక్కు మా చట్టంలోనే ఉండగా, లేదని జనానికి ఎలా చెప్తావన్నది దాని వాదన. మా వ్యాపారం ఆస్ట్రేలియాలో జరగడం లేదని వాల్వ్ వాదించింది. 2016 మార్చిలో కోర్టు వాల్వ్‌దే తప్పంది, డిసెంబరులో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అప్పీళ్ళకు పోయినా లాభం లేకపోయింది. 2018లో ఆ తలుపులు కూడా మూసుకుపోయాయి.

ఇక తేదీలు చూడండి. ఇప్పుడు మనం మెచ్చుకుంటున్న స్టీమ్ వాపసు పద్ధతి వచ్చింది 2015 జూన్‌లో. దావా పడిన తొమ్మిది నెలలకు! కాకతాళీయమే అనుకుందాం :)

కానీ చట్టం తోసినంత మాత్రాన ఇంత సులువైన పద్ధతి రాదు. ఎవరైనా తోస్తే మనవాళ్ళు 14 రకాల ఫారాలు పెడతారు. అది ఇంత సులువుగా నడవడానికి వేరే కారణాలున్నాయి. మన వృత్తివాళ్ళకు ఇట్టే అర్థమయ్యేవే.

ఒకటి, ఒక ఆట కాపీ వెనక్కొస్తే దుకాణానికి పెద్దగా పోయేదేమీ లేదు. రవాణా ఖర్చు లేదు, నలిగిందా చిరిగిందా అని చూసే గుమాస్తా అక్కర్లేదు. డేటాబేసులో ఒక వరుస మారితే ఆట మీ ఖాతాలోంచి మాయమైపోతుంది. రెండు, డబ్బు పోతుందన్న భయం లేనివాడు ఎక్కువ కొంటాడు. స్టీమ్ మన రూపాయల్లో ధరలు చూపడం మొదలుపెట్టింది 2015 నవంబరులో. నా లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్ బాపతు వాళ్ళకు అసలు భయం ధర కూడా కాదు, "ఇది నా డబ్బాలో కదులుతుందా?" అన్నదే. ఒకప్పుడు కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీల్లో డెమోలుండేవి, వేసి చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ డెమో పని వాపసు చేస్తోంది.

మూడోది అసలైన కారణం. నేను ఎంతసేపు ఆడానో నేను చెప్పక్కర్లేదు. వాళ్ళకే తెలుసు. రోజులు 14 లోపు, నిమిషాలు 120 లోపు అయితే ఇచ్చేయ్, లేకపోతే మనిషికి చూపించు. రెండు షరతుల ప్రోగ్రాం. సాక్ష్యం అమ్మినవాడి సర్వర్లోనే ఉంది కాబట్టి కొన్నవాణ్ణి "రుజువేదీ?" అని అడిగే అవసరమే లేదు. తగువు అన్న పదానికే తావు లేదు. నా దృష్టిలో ఆ దుకాణాల గొప్పతనం 14 రోజుల్లో లేదు, ఆ "రుజువేదీ?" అడగకపోవడంలో ఉంది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో ఆ నెల్లోనే తెలిసింది. 2015 జూన్ 23న బ్యాట్‌మ్యాన్ అర్ఖమ్ నైట్ పీసీ ఆట వచ్చింది. మంచి మంచి కంప్యూటర్ల మీద కూడా నత్తలా నడిచింది. పాత రోజుల్లో అయితే జనం తిట్టుకుని, పాచ్ వచ్చేదాకా నోరు మూసుకునేవాళ్ళు. వాపసు పద్ధతి వచ్చి అప్పటికి మూడు వారాలే. జనం డబ్బు వెనక్కి తీసుకోసాగారు. ఒకటి రెండు రోజుల్లోనే వార్నర్ బ్రదర్స్ ఆ ఆట అమ్మకమే ఆపేసింది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది అక్టోబరులో. మన టెస్టింగ్ వాళ్ళు "ఇది రిలీజుకు పనికిరాదు" అని ఎన్ని మెయిళ్ళు పెట్టినా కదలని మేనేజర్లు, డబ్బు వెనక్కి పోతుంటే కదులుతారన్నమాట.

ఇక రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయమే. రెండు గంటలన్న గీత అందరికీ ఒకేలా తగలదు. వంద గంటల ఆట చేసే పెద్ద కంపెనీకి రెండు గంటలు రుచి చూపించడం లాంటిది. గంటన్నరలో ముగిసే చిన్న ఆట చేసినవాడికి? భోజనమంతా తిని డబ్బులడిగినట్టు. 2021 ఆగస్టులో ఎమికా గేమ్స్ పేరుతో ఆటలు చేసే ఒక డెవలపర్ ఇదే చెప్పి, ఇక నిరవధికంగా ఆటలు చేయడం మానుకుంటున్నానన్నాడు. అతని 'సమ్మర్ ఆఫ్ 58' ఆట రెండు గంటల్లోపే అయిపోతుంది. ఆడినవాళ్ళు బాగుందని రాశారు, చాలామంది వాపసు కూడా చేశారు! అమ్మకంలో వాటా తీసుకునే దుకాణానికి పోయింది ఆ వాటాయే. చేసినవాడికి పోయింది కొన్ని నెలల కూలి.

ఇది వాపసుకు వ్యతిరేక వాదన అని కొందరంటారు. నా మటుకు నాకు అది గీత ఎక్కడ గీయాలన్న వాదనలాగే కనిపిస్తుంది. సరుకులో లోపం బయటపడటానికి ఎంతసేపు పడుతుందో అంత గడువుంటే న్యాయం. అంతకంటే తక్కువైతే కొన్నవాడికి అన్యాయం, మరీ ఎక్కువైతే చేసినవాడికి. గూగుల్ ఆండ్రాయిడ్ దుకాణంలో మొదట 24 గంటలుండేది, 2010 డిసెంబరులో దాన్ని 15 నిమిషాలు చేశారు, 2014లో 2 గంటలకు పెంచారు. ఆ 15 నిమిషాల్లో కొన్ని ఆటలు డౌన్‌లోడ్ కూడా అయ్యేవి కావు. వాపసు ఉన్నట్టే ఉంటుంది, అందదు.

గడువు చాలని సందర్భాలకు ఇంకో దారి ఉంది. 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 వచ్చింది. పాత ప్లేస్టేషన్ మీద అది పడిన పాట్లు లోకమంతా చూసింది. వారం తిరిగేసరికి సోనీ తన నియమాలు పక్కన పెట్టి, ఆ ఆటను దుకాణంలోంచి తీసేసి, డిజిటల్‌గా కొన్నవాళ్ళకు పూర్తి డబ్బిస్తామంది. ఆట తిరిగి ఆ అరల్లోకి వచ్చింది 2021 జూన్‌లో. 2024లో కాంకర్డ్ అనే ఆటదైతే ఇంకా విచిత్రం. ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న మూతపడింది. సోనీ సొంత దుకాణంలో కొన్నవాళ్ళకు అడక్కుండానే డబ్బు వెనక్కి వేశారు. ఎవరెన్ని గంటలాడారు, ఎవరికి నచ్చింది అన్న లెక్కే లేదు. సరుకే దెబ్బతింది కాబట్టి కొన్న ప్రతివాడికీ ఇచ్చేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కిందటేడు నేనొక ఆట కొని నలభై నిమిషాలు ఆడాను. ల్యాప్‌టాప్ ఇస్త్రీపెట్టెలా కాలిపోతుంటే వాపసు పెట్టాను. మూడో రోజు డబ్బొచ్చింది. ఆ సాయంత్రం ఫోన్లో మా నాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు.

"ఆడినంక కూడ తీసుకున్నరా?"

"అవును నాయనా."

"ఎందుకని అడగలే?"

"నేనెంతసేపు ఆడిన్నో వాళ్ళ దగ్గరనే లెక్కుంటది. రెండు గంటల లోపైతే అడగరు."

"అయితే మీ చిన్నాయన ఇత్తనాలు కూడ వాళ్ళ దగ్గరే కొనాల్సిండె" అని నవ్వాడు.

ఆ చిన్నాయన సంగతి చెప్పాలి. మా వైపు సాగర్ ఎడమ కాలవ కింద వరే ప్రాణం. కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం మా మండలంలోదే. మిర్యాలగూడ మిల్లులకు సన్నవడ్లు కావాలి, అందుకని అందరూ సన్నాలే వేస్తారు. కొన్నేళ్ళ కింద మా చిన్నాయన ఒక కొట్లో సన్నరకం అని చెప్పిన విత్తనం తెచ్చి నాటాడు. మొలక బాగానే వచ్చింది, పైరు బాగానే పెరిగింది. కంకి తీసే వేళకు చూస్తే మడి నిండా కేళీలు. ఒక కర్ర మోకాలెత్తు, ఇంకోటి నడుమెత్తు. ఒకటి పాలు పోసుకుంటుంటే పక్కది పండుతోంది. అలాంటి వడ్లకు మిల్లులో ఏ ధర పలుకుతుందో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు.

కొట్టుకు పోతే అతను బోర్డు కూడా చూపించలేదు. "నీళ్ళ తేడా అయ్యుంటది, మందు తేడా అయ్యుంటది. నా ఇత్తనమే అని రుజువేంది?" అన్నాడు. బస్తా ఏది, దానికి కుట్టిన చీటీ ఏది, బిల్లు ఏది? బస్తా అప్పటికి గడ్డి మోయడానికి పోయింది. విత్తనం మట్టిలో కలిసి మూడు నెలలైంది. అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు ఆటల దుకాణం లెక్కతో దీన్ని పోల్చి చూడండి. లోపం బయటపడటానికి మూడు నెలలు. అప్పటికి సరుకు ఉండదు, తిరిగివ్వడమన్న మాటే లేదు. పోయింది విత్తనం ధర ఒక్కటే కాదు, దున్నకం, నాటు కూలి, ఎరువు, ఒక కారు మొత్తం. ఇక సాక్ష్యమంతా కొన్నవాడే తేవాలి. ఏ ఆట పనికిరాకపోయినా పోయేది ఒక శనివారం సాయంత్రం. దానికి ప్రశ్నలే లేని వాపసు. పంట పోతే ప్రశ్నలే తప్ప వాపసు లేదు.

చట్టం లేక కాదు. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువేమీ రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అంటే లోపమున్న సరుకు విషయంలో ఆ గోడమీది బోర్డుకు విలువ లేదు. విత్తనాల సంగతికొస్తే, మన ఆంధ్రప్రదేశ్ రైతులు పెట్టిన కేసుల్లోనే నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1966 నాటి విత్తన చట్టం ఉండగా వినియోగదారుల ఫోరానికేం పని అని వాదించింది, పరీక్షకు విత్తనం పంపలేదని కూడా వాదించింది. 2012 జనవరిలో కోర్టు రెండూ కొట్టేసింది. రైతు కొన్న విత్తనమంతా చల్లుకుంటాడే గానీ, రేపెప్పుడో పరీక్షకు పనికొస్తుందని కొంత దాచిపెట్టుకోవాలని ఆశించకూడదంది. ఎంత మామూలు మాట! ఆ మాట చెప్పించుకోవడానికి సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

హక్కు ఉంది, కానీ ఆ హక్కు వాడుకోవాలంటే ప్రతి రైతూ విడివిడిగా తన మడిలో నష్టం రుజువు చేసుకోవాలి. మనవాళ్ళు చేయగలిగిన పని ఇక్కడే ఉందనుకుంటున్నాను. 2023 ఏప్రిల్‌లో కేంద్రం సాథీ అనే పోర్టల్ మొదలుపెట్టింది. విత్తనం ఎక్కడ పండింది, ఎవరు శుద్ధి చేశారు, ఏ డీలరుకు చేరింది అన్నది సంచి మీది క్యూఆర్ కోడుతో తెలిసేలా చేయడం దాని ఉద్దేశం. అంటే ఆటల దుకాణం సర్వర్లో ఉన్నలాంటి లెక్క, అమ్మేవైపు ఒకటి తయారవుతోంది. కొన్నవాడి ఫోన్ నంబరు కూడా ఆ లాట్ నంబరుకు జత చేస్తే మిగిలింది చిన్న నియమమే. ఒక లాట్‌లో కేళీలున్నాయని ఒక మడిలో అధికారులు తేల్చితే, ఆ లాట్ కొన్న ప్రతి రైతుకూ అడక్కుండానే విత్తనం ధర వెనక్కి పోవాలి. కాంకర్డ్ ఆటకు చేసింది అదే కదా. ఒక బగ్ దొరికితే పాచ్ అందరికీ పంపుతాం. ప్రతి వినియోగదారుణ్ణీ "నీ దగ్గర కూడా ఆ బగ్ వచ్చిందని నిరూపించు" అని అడగం.

విత్తనం ఆట కాదని నాకు తెలుసు. మొలక సరిగా రాకపోతే అది విత్తనం లోపమా, నీళ్ళ లోపమా అని తేల్చడం కష్టమే. కానీ కేళీలు నీళ్ళు తక్కువైతే పుట్టవు. సంచిలో వేరే రకం కలిసింది కాబట్టి వచ్చాయి. అలా తేల్చగలిగిన లోపాలకైనా ఈ పద్ధతి పెట్టొచ్చు. మొత్తం పంట నష్టం సంగతి కోర్టులో తేల్చుకుంటారు, కనీసం సంచి డబ్బైనా తగువు లేకుండా రావాలి. వ్యాపారులు మునిగిపోతారని అంటారా? 2015 జూన్‌లో కూడా చాలామంది అదే అన్నారు. స్టీమ్ మునగలేదు. మునిగింది రిలీజుకు ముందు పరీక్ష చేయనివాళ్ళు.

అప్పటిదాకా ఊళ్ళో ఉన్న మీవాళ్ళకు ఒక్క మాట చెప్పండి. విత్తనం కొన్న రోజే బిల్లూ, సంచికి కుట్టిన చీటీ, లాట్ నంబరు కనపడేలా ఫోటో తీసి మీకు వాట్సాప్‌లో పంపమనండి. ఫిర్యాదుకు 1915 నంబరుంది, 5 లక్షల లోపు కేసుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. సర్వరు వాళ్ళ దగ్గర లేనప్పుడు మన దగ్గరైనా ఉండాలిగా. మా చిన్నాయన ఫోటోలు నా ఫోన్లోకి ఈమధ్య ఠంచనుగా వస్తున్నాయి. పోయిన వానాకాలానివి నాలుగు, యాసంగివి మూడు. ఒకదాంట్లో మాత్రం చీటీ కంటే ఆయన బొటనవేలే పెద్దగా పడింది. మళ్ళీ తీయమన్నాను.